యూనిట్ - 14 : కస్టమ్స్ బ్రోకర్ వృత్తి – లైసెన్సు ప్రమాణాలు

విషయక్రమం
14.0 లక్ష్యాలు
14.1 ప్రస్తావన
14.2 కస్టమ్స్ బ్రోకర్ ఎవరు?
14.3 చట్టం నడిచివచ్చిన దారి
14.4 అర్హతలు, పరీక్ష
14.5 లైసెన్సు, హామీ, చెల్లుబాటు
14.6 ఎఫ్, జి, హెచ్ కార్డులు
14.7 బ్రోకర్ బాధ్యతలు
14.8 నియమాలు ఉల్లంఘిస్తే
14.9 బ్రోకర్ బాధ్యతకు హద్దు ఎక్కడ?
14.10 ఇతర దేశాల విధానం
14.11 సారాంశం
14.12 కీలక పదాలు
14.13 ప్రగతి పరీక్షకు జవాబులు
14.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• కస్టమ్స్ బ్రోకర్ చేసే పనిని, ఆ పనికి లైసెన్సు ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• లైసెన్సుకు కావలసిన అర్హతలను, పరీక్షా విధానాన్ని తెలుసుకుంటారు.
• ఎఫ్, జి, హెచ్ కార్డుల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• బ్రోకర్ బాధ్యతలను, వాటిని ఉల్లంఘించినప్పుడు జరిగే చర్యలను విశ్లేషించగలుగుతారు.

14.1 ప్రస్తావన

సిద్దిపేట జిల్లాలోని చింతమడక నుండి సముద్రం చాలా దూరం. తెలంగాణకు తీరమే లేదు. అయినా ఈ ప్రాంతానికి విదేశీ వ్యాపారంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. సిద్దిపేట గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. దానిని అమెరికాలోని తెలుగువారు తెప్పించుకుంటారు. జిల్లాలో విస్తరిస్తున్న ఆయిల్‌పామ్ తోటలకు కావలసిన మొలక విత్తనం ఎక్కువగా విదేశాల నుండే వస్తుంది. గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్లు ఇంటికి సామాను పంపుతారు. ఈ సరుకులన్నీ దేశపు హద్దు దాటేటప్పుడు కస్టమ్స్ శాఖ ముందు నిలబడవలసిందే.

హద్దు అంటే ఓడరేవు మాత్రమే కాదు. శంషాబాద్ విమానాశ్రయంలోని ఎయిర్ కార్గో విభాగం, సనత్‌నగర్, తిమ్మాపూర్‌లలోని ఇన్‌లాండ్ కంటైనర్ డిపోలు కూడా ఆ పని చేస్తాయి. సిద్దిపేట వ్యాపారి తన సరుకు పత్రాలను హైదరాబాదులోనే దాఖలు చేసి, కంటైనరును అక్కడి నుండి రేవుకు పంపవచ్చు.

అయితే ఆ పత్రాలు నింపడం అందరికీ తెలిసిన పని కాదు. సరుకు ఏ టారిఫ్ శీర్షిక కిందికి వస్తుంది, దాని విలువను ఎలా లెక్కించాలి, ఏ శాఖ అనుమతి కావాలి అనే ప్రశ్నలకు సరైన జవాబు ఉండాలి. జవాబు తప్పితే సరుకు ఆగుతుంది, డెమరేజి పెరుగుతుంది, జరిమానా పడుతుంది. అందువల్ల వ్యాపారి ఈ పనిని తెలిసిన మనిషికి అప్పగిస్తాడు. ఆ మనిషికి నిజంగా పని తెలుసా, అతని చేతిలో పెట్టిన సుంకం డబ్బు ఖజానాకు చేరుతుందా అనేది వ్యాపారికి ముందుగా తెలిసే వీలు లేదు. ఆ నమ్మకానికి ప్రభుత్వం కల్పించిన కనీస ఆధారమే లైసెన్సు.

14.2 కస్టమ్స్ బ్రోకర్ ఎవరు?

దిగుమతిదారు లేదా ఎగుమతిదారు తరఫున కస్టమ్స్ స్టేషన్‌లో సరుకుల రాకపోకలకు, ఓడలు, విమానాల వంటి వాహనాల రాకపోకలకు సంబంధించిన పనులు నిర్వహించడానికి లైసెన్సు పొందిన ఏజెంటును కస్టమ్స్ బ్రోకర్ అంటారు. దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ, ఎగుమతికి షిప్పింగ్ బిల్లు దాఖలు చేయడం అతని ప్రధానమైన పని. వర్గీకరణ, విలువ నిర్ణయం, సుంకం చెల్లింపు, సరుకు తనిఖీకి హాజరు కావడం, డ్రాబ్యాక్ అంటే సుంకం వాపసు కోరడం వంటివి దానికి అనుబంధంగా ఉంటాయి.

కస్టమ్స్ చట్టం, 1962లోని 146వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ ఈ వ్యాపారం చేయరాదు. అయితే కొందరికి మినహాయింపు ఉంది.

1. తన సొంత సరుకు పనిని తానే చేసుకునే దిగుమతిదారు లేదా ఎగుమతిదారు.
2. తన యజమాని లేదా సంస్థ తరఫున మాత్రమే ఆ పని చేసే ఉద్యోగి.
3. ఓడ లేదా విమానం రాకపోకల పని కోసమే నియమితుడైన ఏజెంటు, ఆ పని మేరకు.

మొదటి మినహాయింపును విద్యార్థులు బాగా గుర్తుంచుకోవాలి. బ్రోకర్‌ను పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గల్ఫ్ నుండి వచ్చిన తన సామానును ఒక కార్మికుడు తానే స్వయంగా విడిపించుకోవచ్చు. బ్రోకర్ లేనిదే పని కాదని ఎవరైనా భయపెడితే అది చట్టం చెప్పే మాట కాదు. చిన్న ఎగుమతిదారుల కోసం తపాలా శాఖ 2022 నుండి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను నడుపుతున్నది. పది చీరల పార్సెలు పంపదలచిన నేతకారుడు వాటి ద్వారా ఎగుమతి పత్రాన్ని ఆన్‌లైన్‌లో తానే దాఖలు చేసుకోవచ్చు. సరుకు పెద్దదైనప్పుడు, వర్గీకరణ చిక్కుగా ఉన్నప్పుడు, ఇతర శాఖల అనుమతులు కావలసినప్పుడు బ్రోకర్ అవసరం కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. చీర మనం కట్టుకునే బట్టే కాబట్టి అది టారిఫ్‌లో దుస్తుల అధ్యాయంలో ఉంటుందని అనుకుంటాం. కాని కుట్టు లేని చీర భారతీయ కస్టమ్స్ టారిఫ్‌లో నేసిన బట్టగానే లెక్కకు వస్తుంది. నూలు చీర 52వ అధ్యాయంలోకి, పట్టు చీర 50వ అధ్యాయంలోకి వెళతాయి. 62వ అధ్యాయంలోని కుట్టిన దుస్తుల కింద చూపితే వర్గీకరణ తప్పుతుంది. దానివల్ల డ్రాబ్యాక్ రేటు కూడా తారుమారు కావచ్చు. నేతకారుల సంఘానికి అంకెల్లో చిన్న తేడాగా కనిపించేది చేతికి రావలసిన డబ్బు విషయంలో పెద్ద తేడా అవుతుంది.

14.3 చట్టం నడిచివచ్చిన దారి

సరుకుపై సుంకం వసూలు చేయడం తెలుగు నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయ శాసనం ఇందుకు ప్రసిద్ధమైన సాక్ష్యం. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును ఇకమీదట స్వాధీనం చేసుకోబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని రాజు సముద్ర వ్యాపారులకు అభయమిచ్చాడు. నియమం ముందుగా తెలిసి ఉండాలి, అధికారి ఇష్టానుసారం మారకూడదు అన్న భావన అందులో ఉంది. నేటి లైసెన్సు నియమాల వెనుక ఉన్నదీ అదే భావన.

ఆధునిక కాలంలో బ్రిటిష్ పాలనలో 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టం అమలులోకి వచ్చింది. స్వాతంత్ర్యం తరవాత దాని స్థానంలో కస్టమ్స్ చట్టం, 1962 వచ్చి, 1963 ఫిబ్రవరి 1 నుండి అమలైంది. ఏజెంట్ల లైసెన్సుకు సంబంధించి ఈ చట్టం కింద వచ్చిన ముఖ్యమైన నియమావళులు ఇవి:

• కస్టమ్ హౌస్ ఏజెంట్ల లైసెన్సింగ్ నియమాలు, 1984
• కస్టమ్ హౌస్ ఏజెంట్ల లైసెన్సింగ్ నియమాలు, 2004
• కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నియమాలు, 2013
• కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్ నియమాలు, 2018

2013 వరకు ఈ వృత్తిలో ఉన్నవారిని కస్టమ్ హౌస్ ఏజెంటు అనేవారు. ఆ సంవత్సరపు ఆర్థిక చట్టం ద్వారా పేరు కస్టమ్స్ బ్రోకర్‌గా మారింది. వ్యాపార వర్గాల్లో ఇప్పటికీ సి.హెచ్.ఎ. అనే పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2018 మే 14న ప్రకటించిన నియమాలు. ఈ యూనిట్‌లో నియమం సంఖ్య చెప్పిన ప్రతిచోటా అది 2018 నియమావళికి చెందినదని గ్రహించాలి.

ఈ పరిణామంలో మరొక మలుపును గమనించాలి. 2011 నుండి కస్టమ్స్‌లో స్వీయ మదింపు విధానం వచ్చింది. అంతకుముందు సుంకం ఎంతో అధికారి మదింపు చేసేవాడు. ఇప్పుడు దిగుమతిదారే లెక్కకట్టి ప్రకటిస్తాడు. శాఖ కొన్నింటిని ఎంచుకుని సరిచూస్తుంది. అంటే మొదటి లెక్క బాధ్యత కౌంటరుకు అటువైపు నుండి ఇటువైపుకు మారింది. ఆ లెక్క వేసే చేయి చాలా సందర్భాల్లో బ్రోకర్‌దే కాబట్టి అతని ప్రమాణాలకు ప్రాముఖ్యం పెరిగింది.

14.4 అర్హతలు, పరీక్ష

5వ నియమం అర్హతలను నిర్దేశిస్తుంది. వాటిని మూడు తరగతులుగా విభజించి చదువుకుంటే గుర్తుంచుకోవడం తేలిక.

(అ) వ్యక్తిగత అర్హతలు: దరఖాస్తుదారు భారత పౌరుడై ఉండాలి. మతి స్థిమితం కలిగి ఉండాలి. దివాలాదారుగా ప్రకటితుడై ఉండరాదు. కస్టమ్స్, సెంట్రల్ ఎక్సైజ్, జి.ఎస్.టి. చట్టాల కింద నేరానికి జరిమానా పొంది ఉండరాదు. న్యాయస్థానంలో నేరం రుజువై ఉండరాదు.

(ఆ) విద్యార్హతలు: గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుండి పట్టా ఉండాలి. దానికి తోడు సి.ఎ., సి.ఎం.ఎ., కంపెనీ సెక్రటరీ, ఎం.బి.ఎ., ఎల్‌ఎల్.బి. వంటి వృత్తి అర్హత గాని, కస్టమ్స్ క్లియరెన్స్ పనిలో గుర్తింపు పొందిన డిప్లొమా గాని, జి కార్డుదారుగా కనీసం రెండేళ్ల అనుభవం గాని ఉండాలి.

(ఇ) ఆర్థిక స్తోమత: కనీసం 5 లక్షల రూపాయల విలువైన ఆస్తి ఉన్నట్లు షెడ్యూల్డు బ్యాంకు ధ్రువపత్రం లేదా అటువంటి ఇతర రుజువు చూపాలి.

దూరవిద్య విద్యార్థులు రెండవ తరగతిని శ్రద్ధగా చూడాలి. నియమం అడుగుతున్నది గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయ పట్టా. అది రెగ్యులర్ కళాశాలలో చదివినదే కావాలని అనలేదు. యు.జి.సి. గుర్తింపు ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం పట్టాకు అదే విలువ ఉంటుంది. పగలు కార్గో ఆఫీసులో పనిచేస్తూ రాత్రి ఈ పాఠం చదువుతున్న విద్యార్థికి, ఖరీదైన వృత్తి కోర్సు చదవకపోయినా, పట్టా, జి కార్డు అనుభవం కలిపి లైసెన్సు పరీక్షకు దారి తెరుస్తాయి.

పరీక్ష: అర్హత ఉన్నవారు 6వ నియమం కింద రాత పరీక్ష, మౌఖిక పరీక్ష రెండింటిలోనూ ఉత్తీర్ణులు కావాలి. ఒక్కొక్కదానిలో కనీసం 60 శాతం మార్కులు రావాలి. పరీక్షను కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదక ద్రవ్యాల జాతీయ అకాడమీ (నాసిన్) నిర్వహిస్తుంది. ఈ అకాడమీ కొత్త ప్రాంగణం ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో ఉంది. 2024 జనవరి 16న ప్రారంభమైంది.

రాత పరీక్ష కంప్యూటర్‌పై జరుగుతుంది. 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 450 మార్కులు. సరైన జవాబుకు 3 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. ఉత్తీర్ణతకు 270 మార్కులు కావాలి. ఈ లెక్కను ఒకసారి వేసి చూడండి.

• 150 ప్రశ్నలకూ జవాబు రాస్తే కనీసం 105 సరి కావాలి. (105 × 3 = 315; 45 తప్పులకు 45 పోగా 270.)
• 100 ప్రశ్నలకే జవాబు రాస్తే వాటిలో కనీసం 93 సరి కావాలి. (93 × 3 = 279; 7 తప్పులకు 7 పోగా 272.)

తప్పుకు మార్కు పోతుందని భయపడి మూడో వంతు ప్రశ్నలను వదిలేస్తే, మిగిలిన వాటిలో తప్పుకు దాదాపు చోటు ఉండదని దీనివల్ల తెలుస్తుంది. పాఠ్యాంశాలను విస్తృతంగా చదవడమే ఇందుకు మందు.

పాఠ్యాంశాలు: పత్రాల తయారీ, టారిఫ్ వర్గీకరణ, విలువ నిర్ణయం, విదేశీ మారక రేటు, మదింపు, సుంకం చెల్లింపు, సరుకు తనిఖీ, వేర్‌హౌసింగ్, డ్రాబ్యాక్, నిషేధాలు, నేరాలు, అప్పీళ్లు, విదేశీ వాణిజ్య విధానం, ఎలక్ట్రానిక్ విధానంలో పత్రాల దాఖలు. వీటితో పాటు విదేశీ మారకం, ఆహార భద్రత, ఔషధాలు, మాదక ద్రవ్యాలు, ఆయుధాలు, ట్రేడ్ మార్కులు, పంట తెగుళ్లు మొదలైన వాటికి చెందిన అనుబంధ చట్టాలు.

ఈ అనుబంధ చట్టాలు ఎందుకో ఆయిల్‌పామ్ మొలక విత్తనం ఉదాహరణ చెబుతుంది. దానిని దిగుమతి చేసుకోవాలంటే సుంకం కడితే చాలదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి ఉండాలి, ఎగుమతి చేసే దేశపు ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి, ఇక్కడ తనిఖీ జరగాలి. మొలకెత్తిన విత్తనం ఎక్కువ రోజులు ఆగదు. ఒక కాగితం లోపించి సరుకు గోదాములో నిలిచిపోతే రైతు ఆ సీజను పోగొట్టుకుంటాడు. బ్రోకర్‌కు కస్టమ్స్ చట్టం ఒక్కటే తెలిస్తే సరిపోకపోవడానికి కారణం ఇదే.

పరీక్షా పత్రం తెలుగులో ఉండదన్న సంగతిని తెలుగు మాధ్యమ విద్యార్థులు ముందే గుర్తించాలి. భావాన్ని తెలుగులో అర్థం చేసుకుని, సాంకేతిక పదాన్ని చట్టంలో ఉన్న రూపంలోనే అలవాటు చేసుకోవడం మంచి పద్ధతి. ఈ పాఠంలో బిల్ ఆఫ్ ఎంట్రీ, డ్రాబ్యాక్ వంటి మాటలను అనువదించకుండా ఉంచింది అందుకే.

మీ అభ్యసన ప్రగతిని పరీక్షించుకోండి - 1
గమనిక: మీ జవాబును నోటు పుస్తకంలో రాసుకుని, 14.13లోని జవాబుతో సరిచూసుకోండి.
1. సొంత సరుకును విడిపించుకునే దిగుమతిదారుకు లైసెన్సు అవసరమా?
2. రాత పరీక్షలో 120 ప్రశ్నలకు జవాబు రాసిన అభ్యర్థికి కనీసం ఎన్ని సరి కావాలి?

14.5 లైసెన్సు, హామీ, చెల్లుబాటు

పరీక్షలో ఉత్తీర్ణుడైన వ్యక్తి తన ప్రాంతపు కస్టమ్స్ కమిషనర్ నుండి లైసెన్సు పొందుతాడు. దానికి ముందు 8వ నియమం ప్రకారం బాండు రాసి, 5 లక్షల రూపాయలకు బ్యాంకు గ్యారంటీ, జాతీయ పొదుపు పత్రం, ఫిక్సెడ్ డిపాజిట్ వంటి హామీ ఇవ్వాలి. ఒకచోట లైసెన్సు పొందినవారు నిర్ణీత ఫారంలో సమాచారమిచ్చి దేశంలోని ఇతర కస్టమ్స్ స్టేషన్లలోనూ పనిచేయవచ్చు. హైదరాబాదులో లైసెన్సు పొందిన బ్రోకర్ ఈ విధంగా విశాఖపట్నంలో, కృష్ణపట్నంలో, ముంబయి దగ్గర నవా శేవాలో కూడా పని చేపట్టగలడు.

లైసెన్సు ఆ వ్యక్తికే చెందుతుంది. దానిని అమ్మకూడదు, మరొకరికి బదిలీ చేయకూడదు. నెలకింత అని తీసుకుని తన లైసెన్సుపై ఇతరులను పనిచేసుకోనివ్వడం ఈ వృత్తిలో తీవ్రమైన తప్పు. అద్దెకు తీసుకున్నవాడు పరీక్ష రాయలేదు, బాండు ఇవ్వలేదు. అతను చేసిన ప్రతి సంతకానికీ అద్దెకిచ్చినవాడే జవాబు చెప్పాలి.

మొదట లైసెన్సు పదేళ్లు చెల్లి, తరవాత నవీకరణ అవసరమయ్యేది. 2021 జూలైలో చేసిన సవరణతో నవీకరణ పద్ధతి తొలగింది. రద్దు కానంతవరకు లైసెన్సు చెల్లుతుంది. అయితే ఏడాదికి మించి ఏ పనీ చేయకపోతే అది చెల్లుబాటు కోల్పోవచ్చు. అప్పుడు కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

14.6 ఎఫ్, జి, హెచ్ కార్డులు

బ్రోకర్ ఆఫీసులో పనిచేసే వారందరూ లైసెన్సుదారులు కారు. కస్టమ్స్ శాఖ ఇచ్చే ఫోటో గుర్తింపు కార్డులు మూడు రకాలు.

• ఎఫ్ కార్డు: 6వ నియమం కింద లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణుడైన వ్యక్తిది.
• జి కార్డు: 13వ నియమం కింద ఉద్యోగుల పరీక్షలో ఉత్తీర్ణుడైన వ్యక్తిది. పత్రాలపై సంతకం చేయడం వంటి బాధ్యత గల పనులు ఇతను చేస్తాడు.
• హెచ్ కార్డు: పరీక్ష రాయకుండా బ్రోకర్‌కు సహాయకుడిగా పనిచేసే ఉద్యోగిది.

దీనిని ఒక నిచ్చెనగా ఊహించుకోండి. గ్రామాల నుండి హైదరాబాదు వచ్చి ఈ రంగంలో చేరే యువకులు సాధారణంగా హెచ్ కార్డు మెట్టు మీద మొదలుపెడతారు. కంటైనరు నంబరు, సీలు సరిచూడటం, తనిఖీ సమయంలో పెట్టెలు తెరిపించడం, కాగితాలు ఒక కౌంటరు నుండి మరొక కౌంటరుకు తీసుకుపోవడం వారి పని. పని బాగా తెలిసినా, పరీక్ష రాయకపోతే ఏళ్ల తరబడి అదే మెట్టు మీద ఉండిపోతారు. జి కార్డు పరీక్ష రాసి, డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్ల అనుభవం సంపాదిస్తే లైసెన్సు పరీక్షకు అర్హత వస్తుంది. చేతి అనుభవం ఉన్నవారికి ఈ పరీక్షలోని చాలా ప్రశ్నలు తాము రోజూ చూసే పనులే.

ఉద్యోగి చేసిన పనులకు, చేయక వదిలేసిన పనులకు కూడా బ్రోకర్ బాధ్యుడు. మా కుర్రాడు చేశాడు, నాకు తెలియదు అనే జవాబును నియమం అంగీకరించదు.

14.7 బ్రోకర్ బాధ్యతలు

10వ నియమం ఈ నియమావళికి గుండెకాయ వంటిది. అందులోని ముఖ్యమైన బాధ్యతలను ఎవరి పట్ల అనే దృష్టితో విభజిద్దాం.

క్లయింటు పట్ల: పని చేపట్టే ముందు క్లయింటు నుండి అధికార పత్రం తీసుకోవాలి. తాను చెప్పే సమాచారం సరైనదో కాదో తగిన శ్రద్ధతో నిర్ధారించుకోవాలి. క్లయింటుకు ఉపయోగపడే ఉత్తర్వులను, పబ్లిక్ నోటీసులను దాచకూడదు. తీసుకున్న డబ్బుకు సకాలంలో లెక్క చెప్పాలి. పనిని వేగంగా, సమర్థంగా, జాప్యం లేకుండా చేయాలి.

ప్రభుత్వం పట్ల: సుంకం కోసం తీసుకున్న సొమ్మును వెంటనే ప్రభుత్వానికి చెల్లించాలి. చట్టానికి లోబడి నడుచుకొమ్మని క్లయింటుకు సలహా ఇవ్వాలి. అతను వినకపోతే ఆ సంగతిని అధికారి దృష్టికి తేవాలి. అధికారులను బెదిరించి గాని, కానుకలిచ్చి గాని ప్రభావితం చేయరాదు. రికార్డులను కనీసం ఐదేళ్లు భద్రపరచాలి. విచారణకు సహకరించాలి.

క్లయింటును గుర్తించడంలో: దిగుమతి-ఎగుమతి కోడ్ (ఐ.ఇ.సి.), జి.ఎస్.టి. నంబరు సరైనవేనా, క్లయింటు నిజమైన వ్యక్తేనా, ప్రకటించిన చిరునామాలో పనిచేస్తున్నాడా అన్న విషయాలను నమ్మదగిన, స్వతంత్రమైన పత్రాల ద్వారా సరిచూసుకోవాలి. దీనిని 10(ఎన్) నియమం అంటారు.

చివరి బాధ్యత పల్లెలకు కూడా సంబంధించినదే. ఐ.ఇ.సి. పాన్ నంబరు ఆధారంగా వస్తుంది. కాబట్టి మోసగాళ్లు ఊళ్లలో పేదవారి పాన్, ఆధార్ పత్రాలు తీసుకుని, కొంత సొమ్ము ముట్టజెప్పి, వారి పేర ఐ.ఇ.సి. తెరుస్తారు. ఆ పేరుతో సరుకు తెప్పించి, విలువ తగ్గించి చూపి, సుంకం ఎగ్గొట్టి మాయమవుతారు. తరవాత నోటీసు వచ్చేది పత్రాలు ఇచ్చిన మనిషి ఇంటికి. లక్షల రూపాయల దిగుమతి తన పేర జరిగిందన్న సంగతి అప్పుడే అతనికి తెలుస్తుంది. అధికార పత్రంపై సంతకం చేసిన మనిషి ఎవరని బ్రోకర్ ఒక్కసారి నిజంగా అడిగి ఉంటే చాలాసార్లు ఈ మోసం మొదట్లోనే ఆగిపోతుంది. మీ పత్రాలను, సంతకాన్ని, ఓ.టి.పి.ని వ్యాపారం పేరుతో ఎవరికీ అప్పగించకూడదని మీ ఇంట్లోవారికి కూడా చెప్పండి.

14.8 నియమాలు ఉల్లంఘిస్తే

బ్రోకర్ నియమాలను పాటించకపోతే కమిషనర్ తీసుకోగల చర్యలు ఇవి.

(అ) సస్పెన్షన్ (16వ నియమం): విచారణ జరుగుతున్న లేదా జరగబోతున్న సందర్భంలో తక్షణ చర్య అవసరమైతే లైసెన్సును నిలిపివేయవచ్చు. సస్పెండు చేసిన 15 రోజుల్లోగా బ్రోకర్ వాదన వినాలి. విన్న తరవాత 15 రోజుల్లోగా కొనసాగింపుపైనో ఉపసంహరణపైనో ఉత్తర్వు ఇవ్వాలి.

(ఆ) రద్దు (14వ నియమం): లైసెన్సును రద్దుచేసి హామీ సొమ్మును పూర్తిగా గాని, కొంత గాని జప్తు చేయవచ్చు.

(ఇ) జరిమానా (18వ నియమం): బ్రోకర్‌పై 50,000 రూపాయల వరకు, జి కార్డుదారుపై 10,000 రూపాయల వరకు విధించవచ్చు.

రద్దు చేయాలన్నా, జరిమానా వేయాలన్నా 17వ నియమంలోని క్రమాన్ని పాటించాలి. నేర నివేదిక అందిన 90 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. బ్రోకర్ జవాబుకు 30 రోజుల గడువు. విచారణాధికారి నోటీసు తేదీ నుండి 90 రోజుల్లోగా నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికపై బ్రోకర్ మాట చెప్పుకోవడానికి మరో 30 రోజులు. నివేదిక సమర్పించిన 90 రోజుల్లోగా కమిషనర్ తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుపై కస్టమ్స్, ఎక్సైజ్, సర్వీస్ టాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు (సెస్టాట్) అప్పీలు చేసుకోవచ్చు.

ఈ గడువులు కేవలం అంకెలు కావు. లైసెన్సు పోతే బ్రోకర్ ఒక్కడి జీవనాధారమే కాదు, అతని కింద పనిచేసే జి, హెచ్ కార్డు ఉద్యోగుల జీతాలు కూడా ఆగుతాయి. అందుకే శిక్ష అధికారంతో పాటు ఆ అధికారానికి కాలపు కట్టుబాటునూ నియమావళి పెట్టింది.

ఇవి లైసెన్సుకు సంబంధించిన చర్యలు. వీటికి వేరుగా, తప్పుడు ప్రకటనకు, సుంకం ఎగవేతకు తోడ్పడిన బ్రోకర్‌పై కస్టమ్స్ చట్టంలోని 112, 114, 114ఎఎ సెక్షన్ల కింద కూడా జరిమానా వేయవచ్చు.

14.9 బ్రోకర్ బాధ్యతకు హద్దు ఎక్కడ?

క్లయింటు మోసం చేశాడు. పెట్టెలో ఉన్నది ఒకటి, పత్రంలో రాసింది మరొకటి. బ్రోకర్‌కు నిజంగా తెలియదు. అతని లైసెన్సు రద్దు చేయవచ్చునా? ఈ వృత్తిలో ఎక్కువ వివాదాలు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఒకవైపు, కె.ఎం. గణాత్రా అండ్ కంపెనీ కేసులో (2016) సుప్రీంకోర్టు కస్టమ్ హౌస్‌లో ఏజెంటుకు చాలా ముఖ్యమైన స్థానం ఉందని, దిగుమతిదారులూ కస్టమ్స్ శాఖా ఇద్దరూ అతనిపై నమ్మకం ఉంచుతారని, బాధ్యతల ఉల్లంఘనను తేలికగా తీసుకోరాదని భావించింది. మరోవైపు, కునాల్ ట్రావెల్స్ (కార్గో) కేసులో (2017) ఢిల్లీ హైకోర్టు, ఏజెంటు లావాదేవీ నిజానిజాలను తూచే ఇన్‌స్పెక్టర్ కాడని, పత్రాల ప్రక్రియను నడిపేవాడని చెప్పింది. ప్రభుత్వమే జారీచేసిన ఐ.ఇ.సి. ఉన్నప్పుడు దానిని ఏజెంటు నమ్మడం సహజమన్నది ఆ తీర్పు సారం.

పైకి ఈ రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి. కాని కలిపి చదివితే ఒక హద్దు కనిపిస్తుంది. బ్రోకర్ కంటైనరు లోపలికి తొంగిచూడనవసరం లేదు. కాని కళ్లముందున్న పత్రాన్ని చూడకుండా ఉండరాదు. మధ్యవర్తి ఇచ్చిన కాగితాలతో, అసలు దిగుమతిదారు నుండి ఏ అధికార పత్రమూ తీసుకోకుండా పనిచేసినవాడు శ్రద్ధ చూపానని చెప్పుకోలేడు. ప్రభుత్వ పత్రాలన్నీ తీసుకుని, ఆన్‌లైన్‌లో సరిచూసి, రికార్డులో భద్రపరచినవాడు క్లయింటు మోసానికి బలికాకూడదు. తెలిసి చేశాడా, అజాగ్రత్తతో చేశాడా, జాగ్రత్త పడినా మోసపోయాడా అనే మూడు స్థితులను వేరుచేసి చూస్తేనే శిక్ష తప్పుకు తగినట్లు ఉంటుంది.

సుంకం బాకీ విషయంలో చట్టంలోని 147వ సెక్షన్ కూడా ఇటువంటి తేడానే పాటిస్తుంది. ఏజెంటు ఉద్దేశపూర్వక చర్య, నిర్లక్ష్యం లేదా తప్పిదం వల్ల కాకుండా సుంకం తక్కువ పడితే, యజమాని నుండి వసూలు కాదని అధికారి భావించినప్పుడు తప్ప, దానిని ఏజెంటు నుండి వసూలు చేయరు.

మీ అభ్యసన ప్రగతిని పరీక్షించుకోండి - 2
3. హెచ్ కార్డుకు, జి కార్డుకు ప్రధానమైన తేడా ఏమిటి?
4. 10(ఎన్) నియమం బ్రోకర్‌ను ఏమి సరిచూడమంటుంది?

14.10 ఇతర దేశాల విధానం

అమెరికాలో 1930 టారిఫ్ చట్టంలోని 641వ సెక్షన్ కింద లైసెన్సు ఇస్తారు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. పుస్తకాలు చూసి రాయవచ్చు. 80 ప్రశ్నలు, ఉత్తీర్ణతకు 75 శాతం. డిగ్రీ తప్పనిసరి కాదు. అయితే లైసెన్సు వచ్చిన తరవాత కూడా చదువు ఆగదు. మూడేళ్లకు 36 గంటల నిరంతర విద్యను అక్కడ తప్పనిసరి చేశారు. మన దేశంలో ప్రవేశ ద్వారం దగ్గర కట్టుదిట్టం ఎక్కువ. లోపలికి వచ్చిన తరవాత అటువంటి నిరంతర విద్యా నియమం లేదు. ఏటా బడ్జెట్‌తో సుంకాలు మారే దేశంలో ఈ లోటు ఆలోచించదగినది.

2017 ఫిబ్రవరి 22 నుండి అమలులో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం రెండు సూత్రాలు చెబుతుంది. సభ్య దేశాలు బ్రోకర్ వాడకాన్ని కొత్తగా తప్పనిసరి చేయకూడదు. లైసెన్సు నియమాలు పారదర్శకంగా, నిష్పాక్షికంగా ఉండాలి. అంటే ప్రమాణాలు నాణ్యతను కాపాడాలి గాని, కొత్తవారిని బయట నిలబెట్టే గోడ కాకూడదు.

14.11 సారాంశం

కస్టమ్స్ బ్రోకర్ వ్యాపారికీ ప్రభుత్వానికీ మధ్య నమ్మకాన్ని మోసే వ్యక్తి. కస్టమ్స్ చట్టం, 1962లోని 146వ సెక్షన్, 2018 నియమావళి అతని వృత్తిని నియంత్రిస్తాయి. విద్యార్హత, ఆర్థిక స్తోమత, రాత, మౌఖిక పరీక్షలు, 5 లక్షల హామీ అనేవి ప్రవేశ ప్రమాణాలు. 10వ నియమంలోని బాధ్యతలు ప్రవర్తనా ప్రమాణాలు. సస్పెన్షన్, రద్దు, జరిమానా అనే చర్యలకు నిర్ణీత గడువులు, అప్పీలు హక్కు ఉన్నాయి. బ్రోకర్ ఇన్‌స్పెక్టర్ కాడు. కాని తన చేతి మీదుగా వెళ్లే పత్రానికి శ్రద్ధ చూపవలసినవాడు. హెచ్ కార్డు నుండి లైసెన్సు దాకా ఉన్న మెట్లు దూరవిద్యలో పట్టా పొందినవారికీ అందుబాటులో ఉన్నాయి.

14.12 కీలక పదాలు

బిల్ ఆఫ్ ఎంట్రీ: దిగుమతి సరుకుల వివరాలతో దాఖలు చేసే పత్రం.
షిప్పింగ్ బిల్లు: ఎగుమతి సరుకుల కోసం దాఖలు చేసే పత్రం.
డ్రాబ్యాక్: ఎగుమతైన సరుకు తయారీలో పడిన సుంకాన్ని తిరిగి ఇవ్వడం.
ఐ.ఇ.సి.: విదేశీ వ్యాపారానికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే గుర్తింపు సంఖ్య.
డెమరేజి: గడువు దాటి సరుకు నిలిచిపోయినందుకు చెల్లించే రుసుము.
స్వీయ మదింపు: దిగుమతిదారు లేదా ఎగుమతిదారు సుంకాన్ని తానే లెక్కించి ప్రకటించడం.

14.13 ప్రగతి పరీక్షకు జవాబులు

1. అవసరం లేదు. సొంత సరుకు పనికి మినహాయింపు ఉంది.
2. 98. (98 × 3 = 294; 22 తప్పులకు 22 పోగా 272. 97 సరి అయితే 268 మాత్రమే వస్తాయి.)
3. జి కార్డుదారు 13వ నియమం కింద పరీక్షలో ఉత్తీర్ణుడు. హెచ్ కార్డుదారు పరీక్ష రాయని సహాయకుడు.
4. ఐ.ఇ.సి., జి.ఎస్.టి. నంబరు, క్లయింటు గుర్తింపు, ప్రకటించిన చిరునామాలో అతని వ్యాపారం నడుస్తున్న సంగతి.

14.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సుకు కావలసిన అర్హతలను, పరీక్షా విధానాన్ని వివరించండి.
2. 10వ నియమంలోని బాధ్యతలను వర్గీకరించి, క్లయింటును సరిచూసుకోవలసిన అవసరాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. స్వీయ మదింపు వచ్చిన తరవాత బ్రోకర్ ప్రాముఖ్యం ఎందుకు పెరిగింది?
2. లైసెన్సు రద్దుకు 17వ నియమం నిర్దేశించిన గడువులను వరుసగా రాయండి.
3. బ్రోకర్ బాధ్యతపై 2016, 2017 తీర్పులను పోల్చండి.

III. చేసి చూడండి
మీ ప్రాంతం నుండి విదేశాలకు వెళ్లే లేదా విదేశాల నుండి మీ ప్రాంతానికి వచ్చే ఒక వస్తువును ఎంచుకోండి. దాని టారిఫ్ అధ్యాయం ఏది, కస్టమ్స్ కాక ఇంకా ఏ శాఖ అనుమతి కావాలి, ఆ పనికి బ్రోకర్ నిజంగా అవసరమా అన్న మూడు విషయాలపై ఒక పుట రాసి, కాంటాక్టు తరగతిలో మీ కౌన్సెలర్‌తో చర్చించండి.